పదకొండు కిలోల పరువు

మా వీధి చివర బియ్యం కొట్లో కాటా మీద నా బాకాని పెట్టించాను. కొట్లో ఉన్న నలుగురూ నవ్వారు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 11 కిలోల 200 గ్రాముల దగ్గర ఆగాయి.

"మేష్టారూ, కిలో ఎంతకి వేస్తారు?" అన్నాడు షావుకారు.

నేనూ నవ్వబోయాను గాని, నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా నడుంనొప్పి చూసిన డాక్టరుగారు అంతకు ముందురోజే, "వంగి నేలమీంచి ఏదీ ఎత్తకండి. ఎత్తక తప్పకపోతే ఏడెనిమిది కిలోలు దాటనివ్వకండి" అని చెప్పి పంపారు. అప్పటికి నాకు 68 ఏళ్ళు. ఆ బాకాతో నా స్నేహం 25 ఏళ్ళది; ఆ జాతి బాకాలతో 50 ఏళ్ళది.

పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళాన్ని మీరంతా చూసే ఉంటారు. ముందు వరసలో క్లారినెట్లు, ట్రంపెట్లు. పేరూ వాళ్ళకే, పెళ్ళివారు జేబుకి గుచ్చే నోట్లూ వాళ్ళకే. వెనకాల, పెద్ద డోలుకి పక్కన, కొండచిలవలా చుట్టలు చుట్టుకున్న ఇత్తడి గొట్టాన్ని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఒక మనిషి నడుస్తూంటాడు. ఆ గొట్టం పేరు ట్యూబా. మా బ్యాండువాళ్ళం 'బేస్' అంటాం. పైకి తెరుచుకున్న దాని నోట్లో పిల్లలు వేరుశనగ తొక్కలు వేసి పారిపోతూంటారు. మా పేట పిల్లలకి నేను 'భోం తాత'ని.

ఇది పాట పాడే వాద్యం కాదు. గాత్రకచేరీలో తంబురా చేసే పని సగం, మృదంగం చేసే పని సగం కలిపి చేస్తుంది. క్లారినెట్టు చరణంలో ఎక్కడెక్కడ తిరిగి వచ్చినా సరే, మొదటి దెబ్బకీ మూడో దెబ్బకీ మేము కింద 'భోం' అంటూ ఉండాలి. ఉన్నంతసేపూ ఎవరూ గమనించరు. లేకపోతే మాత్రం పాట కాలు జారినట్టుంటుంది.

ఛాతీ చూసి ఇచ్చిన వాద్యం

మాది విజయనగరం. 1919లోనే సంగీత కళాశాల వెలిసిన ఊరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు విన్న ఊరు. అటువంటి ఊళ్ళో పుట్టి, సంగీతం నేర్చుకోవడానికి నేను మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ దాకా వెళ్ళవలసి వచ్చింది. 1973లో, 18వ ఏట పట్టాళంలో చేరాను. పచ్‌మఢీలో సైనిక సంగీత శిక్షణ 1950లో మొదలయింది. అక్కడి శిక్షకుడు నా చెవిని పరీక్షించకముందే నా ఛాతీని ఎగాదిగా చూసి, "వీడికి డబుల్ బి-ఫ్లాట్ బేస్ ఇవ్వండి" అన్నాడు. బ్యాండులో అన్నిటికంటె పెద్దది, అన్నిటికంటె మంద్రంగా పలికేది అదే. నాకు కొమ్ములొచ్చాయి.

24 ఏళ్ళు ఆ కొమ్ములతోనే తిరిగాను. జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో సాయంత్రం పూట జరిగే బీటింగ్ రిట్రీట్‌లో కూడా ఒక ఏడు ఆ బాకా ఎత్తుకుని నిలబడ్డాను. 1997లో పింఛను పుచ్చుకుని ఊరికి వచ్చి, మరుసటేడు వాడిన డబుల్ బి-ఫ్లాట్ ఒకటి సొంతానికి కొనుక్కున్నాను. పెళ్ళిళ్ళ రోజుల్లో మా ఊరి బ్యాండుతో వాయించడం, తక్కిన రోజుల్లో కుర్రాళ్ళకి నేర్పడం — ఇదీ నా రెండో ఉద్యోగం.

2023 మాఘమాసంలో ఒక పెళ్ళి. గంటస్తంభం దాటి ఊరేగింపు నెమ్మదిగా సాగుతోంది. నాలుగో పాటలో నా నడుం పట్టేసింది. సరే అని పళ్ళు బిగబట్టి నడుస్తూంటే, ఊపిరి కూడా మొండికేసింది. నాలుగు దెబ్బలకి పీల్చిన గాలి మూడో దెబ్బకే అయిపోతోంది. నేను మానేసిన 'భోం'లని పెళ్ళివారెవరూ పట్టించుకోలేదు. పెద్ద డోలు వాయించే అతను మాత్రం తల తిప్పి నాకేసి చూశాడు. కాసేపటికి క్లారినెట్టు వాయించే మా నాయకుడు — నా దగ్గర నేర్చుకున్నవాడే — వెనక్కి వచ్చి చెవిలో, "మేష్టారూ, తమరు జీపులో కూచోండి. ఇవాళ్టికి మేం లాగించేస్తాం" అన్నాడు.

అతను మర్యాదగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఇంటికి వచ్చి, "ఇంక మానేస్తాను" అన్నాను. మా ఆవిడ వేడినీళ్ళ సంచీ నా నడుం కింద సర్దుతూ, "బాకా వాయించడం మానేస్తే ఇంట్లో నన్ను వాయిస్తారు. ఆ మాట వదిలేసి, కాస్త చిన్నది ఏదైనా ఉందేమో చూసుకోండి" అంది.

ఉన్న సంగతి నాకు తెలుసు. ఒప్పుకోవడానికే మనసు రాలేదు.

చిన్నదే పెద్దది

మా బేసుల్లో ముఖ్యంగా రెండు అంతస్తులు. డబుల్ బి-ఫ్లాట్ గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే సుమారు 18 అడుగులు. ఇ-ఫ్లాట్‌ది సుమారు 13 అడుగులు. గొట్టం పొడుగు తగ్గినకొద్దీ శ్రుతి పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. పట్టాళంలో మేము ఇ-ఫ్లాట్‌ని 'తమ్ముడు' అనేవాళ్ళం. 50 ఏళ్ళు అన్నని ఎత్తుకు తిరిగినవాడు ఇప్పుడు తమ్ముణ్ణి ఎత్తుకోవడమంటే, సుబేదారు మళ్ళీ సిపాయి అయినట్టు అనిపించింది.

అప్పుడు నా పచ్‌మఢీ నోటుపుస్తకం తీశాను. కాగితాలు పసుపుపచ్చగా తిరిగాయి గాని, అక్షరాలు చెరగలేదు. ట్యూబా పుట్టుక గురించి అందులో రాసుకున్నది ఇది: 1835 సెప్టెంబరు 12న బెర్లిన్‌లో, ప్రష్యా సైనిక సంగీతానికి పెద్ద అయిన విల్‌హెల్మ్ వీప్రెక్ట్, వాద్యాలు తయారుచేసే యోహాన్ గాట్‌ఫ్రీడ్ మోరిట్జ్ కలిసి దానికి పేటెంటు పుచ్చుకున్నారు. ఆ మొదటి ట్యూబా 'ఎఫ్' శ్రుతిది. దాని గొట్టం సుమారు 12 అడుగులు!

అంటే ఇ-ఫ్లాట్ కంటె కూడా చిన్నది. 18 అడుగుల నా మహాకాయం తర్వాత వచ్చింది. 50 ఏళ్ళు నేను అన్న అనుకున్నది తమ్ముడు. తమ్ముడనుకున్నదే తాత పోలికలున్న పెద్దవాడు. ఈ చిన్న సంగతితో నా నడుంనొప్పి తగ్గలేదు గాని, మనసు నొప్పి సగం తగ్గింది.

మరో దారి కూడా ఆలోచించకపోలేదు. ఒంటి చుట్టూ చుట్టుకుని ఎడమ భుజం మీద ఆనే సూసాఫోను ఉంది. అమెరికా బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కోరికమీద 1893లో దాన్ని తయారుచేశారు. ఇత్తడికి బదులు ఫైబర్‌తో చేసిన తేలిక రకాలూ ఉన్నాయి. ఒకటి ఎరువు తెచ్చుకుని వారంరోజులు మోశాను. నడుం ఊరుకుంది గాని, మెడా భుజమూ ఫిర్యాదు మొదలుపెట్టాయి. బరువు తగ్గడం ఒక ఎత్తు, బరువు ఎక్కడ ఆనుతుందన్నది మరొక ఎత్తు అని దానివల్ల తెలిసింది. బలమైన భుజాలున్నవారికి అది బాగానే ఉంటుంది; నాకు కుదరలేదు.

జలీ కోఠీలో మూడు బాకాలు

మీరట్‌లో జలీ కోఠీ అని ఒక పేట ఉంది. బ్యాండు వాద్యాల తయారీకి పేరుపొందిన చోటు. వీధిలో అడుగు పెడితే చాలు, ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. 2023 వేసవి వెళ్ళాక, తోడుగా మనవణ్ణి తీసుకుని రైలెక్కాను.

ఒక కార్ఖానాలో వయసు మళ్ళిన పనివాడు మూడు ఇ-ఫ్లాట్‌లు నా ముందు పెట్టాడు. నేను ఆత్రంగా మౌత్‌పీసు తగిలించబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "బాబూ, ముందు వాయించకు. ఒక్కొక్కదాన్నీ ఊరికే పావుగంటసేపు ఒళ్ళో పెట్టుకుని కూచో. తర్వాత దాన్నెత్తుకుని వీధి చివరిదాకా వెళ్ళి రా. అప్పుడు వాయించు" అన్నాడు. ముసలితనంలో వాద్యం కొనుక్కునేవారికి ఇంతకంటె మంచి సలహా మరొకటి లేదు. ఉత్సాహంగా ఉన్నప్పుడు వాయిస్తే ప్రతి వాద్యమూ బాగానే ఉంటుంది. అలిసిపోయాక కూడా బాగుండేదే మనది.

మొదటిది అన్నిటికంటె తేలిక, సుమారు 6 కిలోలు. మూడే వాల్వులు. ఇక్కడ ఆ వాల్వుల సంగతి కాస్త చెప్పాలి. వాల్వు నొక్కితే గాలి అదనంగా మరో గొట్టంలోంచి తిరిగి వస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. మన స్వరాల్లో చెప్పాలంటే — షడ్జం పలుకుతూండగా రెండో వాల్వు నొక్కితే కాకలి నిషాదం, మొదటిది నొక్కితే కైశికి నిషాదం, మూడోది నొక్కితే చతుశ్రుతి ధైవతం. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కితే మంద్ర పంచమం రావాలి.

వస్తుంది గాని, కాస్త ఎక్కువ శ్రుతిలో వస్తుంది. కారణం వంటింట్లోనే ఉంది. పదిమందికి పెట్టిన పులుసులో చెంచాడు ఉప్పు సరిపోతుంది. మరో ముగ్గురు వచ్చారని నీళ్ళు కలిపాక మళ్ళీ అదే చెంచా చాలదు. అల్లాగే, మొదటి వాల్వు గొట్టాన్ని మామూలు 13 అడుగుల లెక్కకి సరిపడా కోస్తారు. మూడో వాల్వు నొక్కి గొట్టం పొడుగు పెంచాక ఆ కొలత చాలదు. ఇ-ఫ్లాట్ బేసులో ఆ లోటు మూడంగుళాల పైచిలుకు. వినేవారికి అది అపశ్రుతి.

ఎప్పుడో ఒకసారి వచ్చే స్వరమైతే సర్దుకోవచ్చు. కాని నా పాత బాకాలో ఏ వేలూ నొక్కకుండా హాయిగా పలికిన షడ్జమే ఈ కొత్తదానికి మంద్ర పంచమం! మా బ్యాండు పాటల్లో మాటిమాటికీ వచ్చి నిలబడే స్వరం. ఇంటి గుమ్మమే వంకరగా ఉన్నట్టయింది. మొదటిదాన్ని పక్కన పెట్టాను.

రెండోది ఇంగ్లండులో తయారయిన పాత వాద్యం. నాలుగు వాల్వులు, పైగా, ఇందాక చెప్పిన లోటుని దానంతటదే పూడ్చుకునే ఏర్పాటు. 1874లో బ్లైక్లీ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి. ఒక వాల్వుతోపాటు మరొకటి నొక్కినప్పుడు గాలి ఇంకొన్ని చిన్న గొట్టాల్లోంచి కూడా తిరిగి రావడంతో తక్కువైన అంగుళాలు కలుస్తాయి. ఎంత కింది స్వరమైనా శ్రుతిలో పలికింది. నా మనసు దానిమీదే పడింది. మనవడు మాత్రం కార్ఖానా కాటా తెప్పించి తూచాడు. 9 కిలోల పైమాట. ఆ అదనపు గొట్టాలన్నీ ఇత్తడే కదా!

"తాతయ్యా, మనం ఇంత దూరం వచ్చింది దేనికి?" అన్నాడు.

పేరుకి చిన్నదయినా బరువుకి చిన్నది కాకపోవచ్చు. తూచకుండా కొనకూడదు.

మూడోది మధ్యరకం. నాలుగు వాల్వులూ ఒకే వరసలో ఉన్నాయి గాని, ఆ అదనపు ఏర్పాటు లేదు. 7 కిలోల 100 గ్రాములు. దీనికీ లోట్లున్నాయి: నాలుగో వాల్వుతో ఇంకోటి కలిపి మరీ కిందికి దిగితే శ్రుతి తప్పుతుంది. అయితే నాలుగో వాల్వు ఒక్కటే నొక్కితే మంద్ర పంచమం కచ్చితంగా పలుకుతుంది. నాకు కావలసిన గుమ్మం తిన్నగా ఉంది. ఆ వాల్వు నొక్కవలసింది చిటికెనవేలు. వయసు వచ్చాక అది చెప్పినమాట వినదు. అంచేత స్ప్రింగులు మరీ బిగువుగా లేవని ఇరవైసార్లు నొక్కి చూసుకున్నాను. వాల్వు నొక్కకుండా దాని గొట్టాన్ని బయటికి లాగితే 'టప్' మని చప్పుడొచ్చింది. గాలి కారడం లేదన్నమాట. దాన్ని ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. నడుం ఏమీ అనలేదు.

పింఛను డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

గాలి సంగతి

ఇంటికి రాగానే అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. 50 ఏళ్ళు ఒక అలవాటున్న వేళ్ళు నేను చెప్పింది వినలేదు. పాతదాంట్లో ఏమీ నొక్కకుండా పలికే స్వరానికి ఇప్పుడు చిటికెనవేలు నొక్కాలి. పాతదాంట్లో చూపుడువేలు నొక్కే స్వరానికి ఇప్పుడు అన్నీ వదిలెయ్యాలి. పైగా, పెదవులకి అలవాటైందని పాత పెద్ద మౌత్‌పీసునే దీనికి తగిలించాను. పై స్వరాలన్నీ శ్రుతి తప్పాయి. తప్పు బాకాదనుకుని రెండు వారాలు తిట్టుకున్నాను. దానికి తగిన చిన్న మౌత్‌పీసు తెప్పించాక గాని తప్పు నాదని తెలియలేదు. రోజుకి రెండుమార్లు, పూటకి 20 నిమిషాలు — అంతకు మించకుండా — మూడు నెలలు సాధన చేశాను.

ఇంకొక భ్రమ కూడా పోయింది. బాకా చిన్నదయితే గాలి కూడా తక్కువ చాలుతుందనుకున్నాను. అదేమీ లేదు. ఒకే స్వరాన్ని అంతే గట్టిగా వాయించాలంటే పెద్దదానికైనా చిన్నదానికైనా ఇంచుమించు అంతే గాలి కావాలి. ముప్ఫయ్యేళ్ళు దాటాక, మనిషి గుండెనిండా పీల్చి వదలగల గాలి ఏడాదికి సుమారు 25–30 మిల్లీలీటర్ల చొప్పున తగ్గుతుందని వైద్యుల లెక్క. 40 ఏళ్ళు గడిచేసరికి ఒక లీటరు గాలి మన చెయ్యి జారిపోతుంది. కొత్త ఇత్తడి కొన్నంతమాత్రాన అది తిరిగి రాదు.

మరి ఏం చెయ్యాలి? ఎక్కడ ఊపిరి పీల్చాలో ముందే గుర్తుపెట్టుకోవాలి. మునుపు పల్లవంతా ఒక ఊపిరిలో లాగడం గొప్పగా ఉండేది. ఇప్పుడు సగంలో పీలుస్తాను. అమెరికాలో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో ఆర్నాల్డ్ జేకబ్స్ అనే గొప్ప ట్యూబా విద్వాంసుడు 1944 నుంచి 1988 దాకా వాయించారు. విరమించుకునేనాటికి ఆయన వయసు 73. ఊపిరితిత్తుల పట్టు తోటివారి కంటె తక్కువైనా, ప్రపంచమంతటి నుంచీ వాయిద్యగాళ్ళు ఆయన దగ్గరకి ఊపిరి పాఠాలకే వెళ్ళేవారు. మనసులో పాట ముందు నడవాలి, గాలి దాని వెంట రావాలి — ఇదీ ఆయన బోధ సారం. ఉన్న గాలిని లెక్కపెట్టుకుంటూ కూచునే నాబోటివాడికి ఆ ముక్క మందులా పనిచేసింది.

ఇంక పాత బాకా. అమ్మెయ్యమన్నారు కొందరు. మనసు రాలేదు. నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడున్నాడు. 19 ఏళ్ళు, ఛాతీ తలుపులా ఉంటుంది. వాణ్ణి పిలిచి ఇచ్చాను. వాడు దాన్ని ఒక్క చేత్తో ఎత్తేసి, నా మొహం చూసి, గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు.

2024 మాఘమాసంలో మళ్ళీ పెళ్ళి ఊరేగింపు. ఈసారి వెనకవరసలో ఇద్దరం. కుర్రాడు పెద్దదానిమీద కింది స్థాయిలో, నేను చిన్నదానిమీద దానికి సరిగ్గా పై స్థాయిలో. ఇదేమీ మేము కనిపెట్టింది కాదు. ఇంగ్లండులోని బ్రాస్ బ్యాండుల్లో మామూలుగా ఇ-ఫ్లాట్‌లు రెండు, డబుల్ బి-ఫ్లాట్‌లు రెండు జంటగా ఉంటాయి. పై స్థాయి స్వరాలకి గాలి తక్కువే చాలుతుంది. అంచేత నా ఊపిరి కూడా నిలిచింది. వాడు తొందరపడినప్పుడు నేను కాలం పట్టి ఉంచాను. నేను ఊపిరి పీల్చినచోట వాడు నిలబెట్టాడు. కింద 'భోం' ఒక్కసారి కూడా తెగలేదు.

ఊరేగింపు విడిది చేరాక పెద్ద డోలు అతను చెమట తుడుచుకుంటూ వచ్చి, "ఇవాళ వెనక్కి తిరిగి చూడవలసిన పని పడలేదు, మేష్టారూ" అన్నాడు.

ఇంటికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటింది. మా ఆవిడ అలవాటు ప్రకారం వేడినీళ్ళ సంచీ సిద్ధంగా పెట్టింది. అవసరం లేదన్నాను. నమ్మలేదు. బాకా ఆవిడ చేతికి ఇచ్చాను. ఒకసారి ఎత్తి చూసి, "ఫరవాలేదు, నేను కూడా మొయ్యగలను" అని దాన్ని తీసుకెళ్ళి గది మూల బల్లమీద పెట్టింది — మళ్ళీ తీసుకునేటప్పుడు నేను వంగక్కర్లేకుండా.